చూసేది గంట... నిలబడేది రోజంతా

ఎయిర్‌షోకి వెళ్దామా అని అడిగేది ఇద్దరిలో ఒకళ్ళే. రెండోవాళ్ళు "సరే" అంటారు. ఆ "సరే"లో విమానాల మీద ప్రేమ పెద్దగా ఉండదు, అడిగిన మనిషి మీద ఉంటుంది. మా ఇంట్లో అడిగింది మా ఆయన, సరే అన్నది నేను. అన్నాక నేను అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ బాత్రూమ్ ఎక్కడుంటుంది బావా?" అని.

సుఖోయ్ గురించి పావుగంట నుంచి ఆపకుండా చెప్తున్న మనిషి టక్కున ఆగిపోయాడు. ఫోన్ తీసి వెతికాడు. విమానం వేగం దొరికింది, రెక్కల పొడవు దొరికింది, ఇది మాత్రం దొరకలేదు.

ఈ వారం కబుర్లు ఆ దొరకని దాని గురించే. మీ ఇద్దరిలో విమానాల పిచ్చి ఉన్నవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి. లేనివాళ్ళు చదివేసి, ఫోన్ పక్కవాళ్ళ చేతికివ్వండి.

మన కోనసీమ వాళ్ళకి ఆకాశం కనిపించేదే తక్కువ. తల ఎత్తితే కొబ్బరాకులు. ఓఎన్‌జీసీ హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తే చిన్నప్పుడు పెరట్లోకి పరిగెత్తేవాళ్ళం, ఆకుల సందులో ఓ రెండు క్షణాలు కనిపించి పోయేది. చప్పుడు మాత్రం చాలాసేపు ఉండేది. అలా పెరిగినవాళ్ళు సముద్రం ఒడ్డున నిలబడి, అడ్డం ఏమీ లేని ఆకాశంలో విమానం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళడం మొదటిసారి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఇది నాకు కూడా జరిగింది కాబట్టి ఒప్పుకుంటున్నాను. విమానాలంటే నాకు ఇప్పటికీ పెద్ద ఇష్టం లేదు, ఆ జలదరింపు మాత్రం నిజం.

అయితే ఎక్కడికి వెళ్ళాలి?

పేరున్నవి మూడు. బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా, 1996 నుంచి జరుగుతోంది. రెండేళ్ళకోసారి, మామూలుగా ఫిబ్రవరిలో, ఈమధ్య బేసి సంవత్సరాల్లో. హైదరాబాద్ బేగంపేట పాత ఎయిర్‌పోర్టులో వింగ్స్ ఇండియా, ఇది సరి సంవత్సరాల్లో. 2024 జనవరిలో ఎయిర్ ఇండియా మొదటి ఏ350ని అక్కడే చూపించారు. దాంట్లో మొదటి రోజులు వ్యాపారం వాళ్ళవి, చివర్లో మామూలు జనానికి టికెట్ ఇస్తారు. మూడోది మన వైజాగ్ ఆర్.కె. బీచ్‌లో నేవీ చేసే విన్యాసాలు.

మొదటిసారి జంటగా వెళ్తుంటే నా ఓటు వైజాగ్‌కే. దగ్గర కాబట్టి అనుకుంటారేమో, అది చిన్న కారణం. పెద్ద కారణం సూర్యుడు. వైజాగ్ బీచ్ తూర్పు వైపు ఉంటుంది. నేవీ వాళ్ళ ప్రదర్శన సాయంత్రం నాలుగు ప్రాంతంలో మొదలవుతుంది. అప్పటికి ఎండ మన వీపు వెనక, ఊరి బిల్డింగుల వైపు పోతుంది. కళ్ళల్లో పడదు. ఆ వెలుగు నేరుగా విమానం మీద పడుతుంది కాబట్టి ఫోన్‌లో తీసినా ఫొటో బాగానే వస్తుంది. డిసెంబర్ మొదట్లో అక్కడ ఐదుంపావు దాటగానే సూర్యాస్తమయం. చీకటి పడ్డాక సముద్రంలో యుద్ధనౌకలన్నీ దీపాలు వెలిగించుకుని నిలబడతాయి. విమానాల మీద ఇష్టం లేనివాళ్ళకి కూడా అది నచ్చుతుంది, రాసిస్తాను. ఇంకో మాట, బీచ్‌లో నిలబడి చూడ్డానికి టికెట్ లేదు. కుర్చీలూ షామియానాలూ పాసులున్నవాళ్ళకి.

డిసెంబర్ 4 నేవీ డే అని అందరికీ తెలుసు. 1971 యుద్ధంలో మన మిస్సైల్ బోట్లు కరాచీ రేవు మీద దాడి చేసిన రోజు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ వైజాగ్ దగ్గర సముద్రంలో మునిగింది కూడా ఆ ముందు అర్ధరాత్రే. అందుకే ఈ రోజు వైజాగ్‌కి ఇంకాస్త సొంతం. కానీ డిసెంబర్ 4 అని గుడ్డిగా నమ్ముకుని బస్సెక్కకండి. ముఖ్య వేడుక ఇప్పుడు ఊళ్ళు తిరుగుతోంది. 2022లో వైజాగ్, 2023లో మహారాష్ట్రలో సింధుదుర్గ్, 2024లో పూరీ. పూరీలో చేసిన ఆ ఏడాది వైజాగ్ వాళ్ళకి 2025 జనవరి 4న చేశారు. కాబట్టి నవంబర్ నుంచే పేపర్లో విశాఖ ఎడిషన్ చూస్తూ ఉండండి. తేదీ, ట్రాఫిక్ మళ్ళింపు, పార్కింగ్ ఎక్కడ... ఇవన్నీ పోలీసులు రెండు మూడ్రోజుల ముందే ప్రకటిస్తారు.

ఇప్పుడు అసలు చిట్కా. అసలు రోజు వెళ్ళకండి. రిహార్సల్‌కి వెళ్ళండి.

నవ్వకండి. పెద్ద ప్రదర్శనకి ఒకట్రెండు రోజుల ముందు అదే బీచ్‌లో, దాదాపు అదే సమయానికి, అవే హెలికాప్టర్లు, అవే ఓడలు, అదే వరసలో రిహార్సల్ చేస్తాయి. ముఖ్యమంత్రి, గవర్నర్ రారు కాబట్టి ఆ హడావిడి తక్కువ. జనం ఉంటారు కానీ ఊపిరాడనంత ఉండరు. మా ఆయన మొదట మొహం ముడుచుకున్నాడు, "ఒరిజినల్ కాదు కదా" అని. "పైలట్ ఒరిజినలే కదా బావా" అన్నాను. దానికి సమాధానం లేదు. మేం వెళ్ళింది రిహార్సల్‌కే. కూర్చోడానికి గట్టు దొరికింది, అదీ విషయం.

జనం గురించి మనకి చెప్పేదేముంది అంటారేమో. నిజమే, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నలిగినవాళ్ళం, అంతర్వేది రథానికి వెళ్ళొచ్చినవాళ్ళం. కానీ ఒక్క తేడా ఉంది. తీర్థంలో దాహమేస్తే ఏ అరుగు మీద కూర్చున్నా "మంచినీళ్ళు కావాలా అమ్మా" అని లోపల్నుంచి చెంబు వస్తుంది. అవసరమైతే ఆ ఇంటి పెరట్లోకి వెళ్ళి రావచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పట్నం బీచ్‌లో మనకి తెలిసిన అరుగు ఒక్కటీ ఉండదు. మన ఊళ్ళో జనంతో పాటు ఇళ్ళూ ఉంటాయి. అక్కడ జనం మాత్రమే ఉంటారు.

ఆ తేడా ఎంత పెద్దదో 2024 అక్టోబర్ 6న చెన్నైలో తెలిసింది. ఎయిర్‌ఫోర్స్ 92వ వార్షికోత్సవం, మెరీనా బీచ్‌లో ఎయిర్‌షో. ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, నడినెత్తిన ఎండ. జనం లక్షల్లో వచ్చారు, చాలామంది పొద్దున్నే వచ్చి చోటు పట్టుకున్నారు. విమానాలన్నీ క్షేమంగా ఎగిరాయి, క్షేమంగా దిగాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఐదుగురు చనిపోయారు. ఎండ, దాహం, ఊపిరాడని జనం. షో అయిపోయాక అందరూ ఒకేసారి వెనక్కి తిరిగారు, రైల్వే స్టేషన్లలో కాలు పెట్టే చోటు లేదు, రోడ్ల మీద అంబులెన్స్ కదిలే దారి లేదు.

ఆ వార్త చదివినప్పుడు నాకు ముందు తట్టింది ఆడవాళ్ళే. ఎందుకంటే మనం చేసే పని ఒకటుంది. బయటికెళ్తున్నాం, బాత్రూమ్ ఉంటుందో లేదో, అందుకని పొద్దున్నుంచి నీళ్ళు తాగం. పెళ్ళిళ్ళకి చేస్తాం, బస్సు ప్రయాణాల్లో చేస్తాం, పరీక్ష హాల్లో చేశాం. అమ్మ చెప్పలేదు, అమ్మమ్మ చెప్పలేదు, చూసి నేర్చుకున్నాం. ఏసీ హాల్లో పెళ్ళయితే ఎలాగోలా గడిచిపోతుంది. ఎండలో, ఇసుక మీద, నాలుగైదు గంటలు నిలబడే చోట అదే పని చేస్తే కళ్ళు తిరిగి పడిపోతాం. పక్కనున్న మనిషికి ఈ సంగతి తెలియదు. "నీళ్ళు తాగుతావా?" అని బాటిల్ ఇస్తాడు, మనం "వద్దు, దాహం లేదు" అంటాం. అతను నమ్మేస్తాడు.

అబ్బాయిలూ, "దాహం లేదు" అన్నమాటని ఆ రోజు నమ్మకండి. నీళ్ళ బాటిల్ ఇవ్వడం కాదు, ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసి రండి. అది తెలిస్తే నీళ్ళు తనే అడిగి తాగుతుంది. ఎలా చూడాలంటారా? మధ్యాహ్నం పన్నెండుకే ఊరు చేరండి. బీచ్ రోడ్డు మీద కాదు, దాని వెనక వీధిలో, కూర్చుని తినే మంచి హోటల్ ఒకటి చూసుకోండి. అక్కడే భోజనం చేయండి. మొహం కడుక్కుని, తాపీగా కూర్చుని, మూడింటికి లేవండి. సాయంత్రం మళ్ళీ టీకి అక్కడికే రండి. భోజనం చేసి బిల్లు కట్టినవాళ్ళని మళ్ళీ వస్తే ఎవరూ కాదనరు. బీచ్‌లో తాత్కాలిక టాయిలెట్లు పెడతారు, కానీ జనం పెరిగే కొద్దీ వాటి సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. నెలసరి రోజులైతే ఈ హోటల్ లెక్క ఇంకా ముఖ్యం. మొహమాటపడి చెప్పకుండా ఉండకండి, చెప్పాక "అయితే మానేద్దాం" అని కంగారుపడనూ అక్కర్లేదు. హోటల్‌కి దగ్గరగా నిలబడితే సరిపోతుంది.

నీళ్ళతో పాటు ఓఆర్ఎస్ పొడి నాలుగు ప్యాకెట్లు కొనుక్కెళ్ళండి, మెడికల్ షాపులో దొరికేది, లీటర్ నీళ్ళలో కలుపుకునేది. రంగురంగుల డబ్బాల్లో తియ్యగా ఉండేవి కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబర్లో ఆహార భద్రతా సంస్థ అలాంటి తీపి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని తేల్చి చెప్పింది. పంచదార నీళ్ళు తాగి ఓఆర్ఎస్ తాగామనుకోవడం మనలో చాలామంది చేసిన పనే. ఇక మన వైపు నుంచి కొబ్బరి బోండాలు మోసుకెళ్ళాలని ఎవరికైనా అనిపిస్తే వద్దు, బరువు. కొబ్బరిముక్క, బెల్లం, వేయించిన వేరుశనగలు చాలు. పులిహోర సాయంత్రానికి కూడా పాడవదు. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం తీసుకెళ్ళకండి, బీచ్ గాలికి మెత్తబడి చేతికంటుకుంటాయి. అది పూతరేకుకి అవమానం.

తలకి టోపీయో చున్నీయో. గొడుగు వద్దు. మీ గొడుగు వెనక ఇంకో పదిమంది ఉంటారు, వాళ్ళూ విమానాలు చూడ్డానికే వచ్చారు.

తలనొప్పి మొదలై, ఒళ్ళు వేడెక్కి, కళ్ళు బైర్లు కమ్మి, మాట తడబడుతుంటే అది అలసట కాదు. వెంటనే నీడకి తీసుకెళ్ళి, తడిగుడ్డతో మెడ, మొహం, చేతులు తుడిచి, గాలి తగలనిచ్చి, 108కి చేయాలి. అంత దాకా రానివ్వకూడదు. అందుకే బయల్దేరే ముందు రోజే ఇద్దరూ ఒక మాట అనుకోవాలి: ఇద్దరిలో ఎవరు "ఇక వెళ్దాం" అన్నా వెళ్ళిపోవడమే. ఆకాశంలో ఏం ఎగురుతున్నా సరే. "ఇంకో ఐదు నిమిషాలు", "ఇప్పుడే కదా మొదలైంది", "ఇంత దూరం వచ్చాం" లాంటివి లేవు. దీన్ని అక్కడ నిలబడి మాట్లాడుకుంటే గొడవ అవుతుంది. ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకుంటే రెండు నిమిషాల పని. మా ఆయన దీనికి ఒక షరతు పెట్టాడు, "మరి నాకు విసుగొచ్చిందని కూడా వెళ్దాం అంటావా?" అని. అంటాను అన్నాను. ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడం నాకు విమానాల కన్నా నచ్చింది.

ప్రయాణం సంగతి. మనం ఎటు వెళ్ళాలన్నా ఏదో ఒక గోదావరి పాయ దాటాల్సిందే. కోటిపల్లి–నరసాపురం రైలు గురించి మాట్లాడి నోరు నొప్పి పుట్టించుకోవడం ఎందుకు. అమలాపురం వాళ్ళు ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం మీదుగా కాకినాడ వెళ్ళి, కత్తిపూడి దగ్గర పెద్ద హైవే ఎక్కేస్తే మొత్తం రెండొందల కిలోమీటర్ల పైన. రాజోలు, మలికిపురం వాళ్ళకి ముందు వైనతేయ దాటడం అదనం. కొత్తపేట వాళ్ళకి రావులపాలెం పక్కనే, రాజమండ్రి వెళ్ళి రైలెక్కడం సుఖం. పొద్దున్న విజయవాడ నుంచి వచ్చే రత్నాచల్ లాంటి బండి రాజమండ్రిలోనో సామర్లకోటలోనో పట్టుకుంటే మధ్యాహ్నానికి వైజాగ్‌లో ఉంటారు. బైక్ మీద వెళ్దాం అనే ఆలోచన ఉంటే... వెళ్ళేటప్పుడు సరదాగానే ఉంటుంది. రోజంతా ఎండలో నిలబడి, రాత్రి లారీల మధ్య రెండొందల కిలోమీటర్లు నడుపుకుంటూ వెనక్కి రావడం ఊహించుకోండి. నేనైతే ఒప్పుకోను.

రాత్రి అక్కడే ఉండిపోవడం మేలు. పెళ్ళయినవాళ్ళకి గొడవ లేదు, ఇద్దరి ఆధార్ కార్డులూ ఉంటే చాలు. పెళ్ళికాని జంట గదిలో ఉండటం నేరం కాదని మద్రాస్ హైకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. అయినా ఎవరికి గది ఇవ్వాలన్న దాంట్లో ఒక్కో లాడ్జీది ఒక్కో పద్ధతి. రాత్రి తొమ్మిదింటికి కౌంటర్ ముందు నిలబడి మాట పడేకన్నా ముందే ఫోన్ చేసి అడిగేయడం మంచిది. నిశ్చితార్థం అయి ముహూర్తం కోసం ఎదురుచూస్తున్నవాళ్ళుంటారు, ఇంట్లో ఇంకా తెలియనివాళ్ళుంటారు, వాళ్ళకి నేను నీతులు చెప్పను. ఒక్కటే చెప్తాను. ఎక్కడున్నారో, ఏ బస్సుకి వస్తున్నారో కనీసం ఒక స్నేహితురాలికో, అక్కకో, వదినకో తెలిసి ఉండాలి. అంతమంది జనంలో ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో తెలియక నిలబడటం కన్నా, వదిన చేతిలో నాలుగు చివాట్లు తినడం నయం.

ఫోన్ అన్నాను కదా, అది పనిచేయదు. లక్షమంది ఒకే చోట వీడియో అప్‌లోడ్ చేస్తుంటే సిగ్నల్ చూపిస్తుంది కానీ కాల్ వెళ్ళదు. అందుకని ముందే కలుసుకునే చోటు అనుకోండి. "కుర్సురా సబ్‌మెరైన్ దగ్గర" అని మాత్రం అనుకోకండి, అందరూ అదే అనుకుంటారు. కాళీమాత గుడి కూడా అంతే. మధ్యాహ్నం భోజనం చేసిన హోటల్ గుమ్మమే మంచిది. తప్పిపోతే వెతుక్కోవద్దు, ఎవరి దారిన వాళ్ళు అక్కడికే రావాలి. ఇద్దరి దగ్గరా విడివిడిగా కాస్త డబ్బు, కాగితం మీద రాసిన నంబరు ఉండాలి. తన నంబరు మీకు నోటికి వచ్చా? ఇప్పుడే పరీక్షించుకోండి. మా ఆయనకి నా నంబరులో మొదటి ఐదంకెలే వచ్చాయి.

ఇంట్లో పెద్దవాళ్ళు భయపడతారు. మా మావయ్య గారు హెలికాప్టర్ అనగానే బాలయోగి గారిని తలుచుకుంటారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి లోక్‌సభ స్పీకర్‌గా ఉండగానే ఆయన పోయారు. కోనసీమలో ఆ రోజు గుర్తులేని ఇల్లు ఉండదు. సరిగ్గా ఎనిమిదేళ్ళకి అదే మార్చి 3న, 2010లో, బేగంపేటలో జరిగిన ఎయిర్‌షోలో నేవీ సాగర్ పవన్ బృందం విమానం బోయిన్‌పల్లి ఇళ్ళ మీద కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. 2019 ఫిబ్రవరిలో యలహంకలో రిహార్సల్ చేస్తూ రెండు సూర్యకిరణ్ విమానాలు గుద్దుకుని ఒక పైలట్ పోయారు. 2025 నవంబర్‌లో దుబాయ్ షోలో మన తేజస్ కూలి దాన్ని నడుపుతున్న వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ చనిపోయారు. కాబట్టి పెద్దవాళ్ళ భయాన్ని తీసిపారేయడానికి లేదు.

వాళ్ళకి చెప్పాల్సింది ఇది. 1988లో జర్మనీలో రామ్‌స్టైన్ అనే చోట విమానాలు గుద్దుకుని ఒకటి జనం మీద పడి 70 మంది చనిపోయారు. ఆ తర్వాత చాలా దేశాల్లో పద్ధతులు మార్చేశారు, విమానం ముక్కు జనం వైపు పెట్టి విన్యాసాలు చేయకుండా, జనానికి దూరంగా ఒక గీత గీసి దాని అవతలే ఎగిరేలా. వైజాగ్‌లో అయితే కింద సముద్రం ఉంటుంది. 2025 జనవరి 2న రిహార్సల్‌లో ఇద్దరు నేవీ వాళ్ళ పారాచూట్లు గాల్లో ఒకదానికొకటి చుట్టుకుని సముద్రంలో పడ్డారు, దగ్గర్లో ఉన్న పడవ వెంటనే పైకి తీసింది, ఇద్దరూ క్షేమం. పైన జరిగే ప్రమాదానికి వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేస్తారు. కింద జరిగేదానికి మన సాధన మనమే చేసుకోవాలి. మావయ్య గారికి ఇలాగే చెప్పాను. "అయితే నీళ్ళు రెండు బాటిళ్ళు ఎక్కువ పెట్టుకో" అన్నారు.

అక్కడ నిలబడ్డాక ఏం చూడాలో తెలియక చాలామందికి మొదటి పది నిమిషాలు వృథా అవుతాయి. చప్పుడు వచ్చిన వైపు చూస్తారు, అక్కడ ఏమీ ఉండదు. ఎందుకంటే చప్పుడు సెకనుకి 340 మీటర్లే నడుస్తుంది. కిలోమీటరు దూరంలో ఉన్న విమానం మోత మన చెవికి చేరడానికి మూడు సెకన్లు. గంటకి 700 కిలోమీటర్ల వేగంతో పోయేది ఆ మూడు సెకన్లలో ఇంకో ఆరు వందల మీటర్లు ముందుకెళ్ళిపోతుంది. కాబట్టి మోత వినపడ్డ చోటు కాదు, అది వెళ్తున్న దిక్కున కాస్త ముందుకి చూడాలి. ఇది మా ఆయన చెప్పాడు. చెప్పాక ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఇలాంటివి చెప్పే మనిషి పక్కనుండటం బాగుంటుంది. మోడల్ నంబర్లు చెప్పే మనిషి అయితే అంత బాగుండదు. తేడా తెలుసుకోండి.

సూర్యకిరణ్ వస్తే మాత్రం మాటలు ఆపి చూడండి. 1996లో మొదలైన బృందం, 2011లో ఆగిపోయి, 2015లో హాక్ విమానాలతో మళ్ళీ ఎగిరింది. తొమ్మిది విమానాలు ఒకదాని పక్కన ఒకటి ఐదు మీటర్ల దూరంలో పోతాయి. ఐదు మీటర్లంటే మన అమలాపురంలో ఒక మాదిరి వీధి వెడల్పు. 2024 డిసెంబర్ 8న హుస్సేన్‌సాగర్ మీద ఎగిరినప్పుడు ట్యాంక్‌బండ్ అంతా తల పైకెత్తింది. హెలికాప్టర్లతో చేసేది సారంగ్ బృందం, సారంగ్ అంటే నెమలి. నేవీ షోలో ఇవి రెండూ తప్పకుండా ఉంటాయని లేదు. అక్కడ అసలు ఆకర్షణ మార్కోస్ కమాండోలు, హెలికాప్టర్ నుంచి తాళ్ళు పట్టుకుని జారేవాళ్ళు, ఆకాశం నుంచి పారాచూట్‌తో దిగేవాళ్ళు. హెలికాప్టర్ తక్కువ ఎత్తులో వస్తే ఇసుక, ఉప్పునీటి తుంపర కళ్ళల్లో కొడుతుంది. కళ్ళజోడు ఉంచుకోండి. ఫైటర్ జెట్ మోత చిన్నపిల్లలు, గర్భిణులు తట్టుకోలేరు, వాళ్ళు దగ్గరగా నిలబడకపోవడమే మంచిది. మనకి కూడా చెవిలో పెట్టుకునే స్పాంజ్ బిళ్ళలు మెడికల్ షాపులో తక్కువకే దొరుకుతాయి.

వీడియో ఒక్కళ్ళే తీయండి. రెండోవాళ్ళు చూడండి. ఇద్దరూ ఫోన్లే ఎత్తితే ఇంటికొచ్చాక ఇద్దరి దగ్గరా అదే నీలం రంగు, దాంట్లో ఒక నల్ల చుక్క ఉంటాయి.

అయిపోయిన వెంటనే లేవకండి. అందరూ ఒకేసారి లేస్తారు, తొక్కిసలాట అక్కడే. అరగంట, ముప్పావుగంట గట్టు మీదే కూర్చోండి. ఓడల దీపాలు చూడ్డానికి అసలైన సమయం అదే. పులిహోర డబ్బా తీయండి. జనం పల్చబడ్డాక హోటల్‌కి నడిచి టీ తాగి గదికి వెళ్ళండి. ఆ రాత్రికే వెనక్కి రావాలంటే బస్సు టికెట్ తొమ్మిది దాటాక ఉండేలా చూసుకోండి, బీచ్ నుంచి ద్వారకా బస్ స్టేషన్ దూరం తక్కువే అయినా ఆ సాయంత్రం ఆటో దొరకదు.

ఉండిపోయినవాళ్ళకి మర్నాడు ఇంకో కానుక ఉంది. బీచ్ రోడ్డు మీదే టీయూ-142 విమానం మ్యూజియం. 29 ఏళ్ళు సముద్రం మీద కాపలా తిరిగి 2017లో రిటైరైన విమానం, రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 50 మీటర్లు. ముందు రోజు ఆకాశంలో చుక్కలా కనిపించినవి దగ్గరికొస్తే ఎంతుంటాయో దాని కింద నిలబడితే తెలుస్తుంది. మా ఆయన గంటసేపు దాని చుట్టూ తిరిగాడు. నేను లోపలికి వెళ్ళి సిబ్బంది కూర్చునే చోటు చూసి వచ్చి, నీడలో కూర్చుని జామకాయ తిన్నాను. ఎదురుగా కుర్సురా సబ్‌మెరైన్, అది సోమవారం మూసేస్తారు. ప్రదర్శన ఆదివారం పడితే తిరుగు టికెట్ బుక్ చేసే ముందు ఇది చూసుకోండి.